రోజూ కడుగుతున్నా వాటర్ బాటిల్ వాసన ఎందుకొస్తోంది?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఖమ్మం. మా బాబు ఐదో తరగతి. వాడి వాటర్ బాటిల్ ప్లాస్టిక్‌ది, బటన్ నొక్కితే మూత తెరుచుకుని స్ట్రా పైకి లేస్తుంది. రోజూ రాత్రి గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, వేడినీళ్లు పోసి కడుగుతాను. అయినా పొద్దున మూత తీస్తే ఒకరకమైన ముక్కిన వాసన. మొన్న మూత లోపల నల్లటి చుక్కలు కనిపించాయి, అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. బాబు అప్పుడప్పుడూ కడుపునొప్పి అంటాడు, దీనివల్లేనా? మా అత్తమ్మ ప్లాస్టిక్‌ది పారేసి రాగి బాటిల్ కొనమంటోంది. మా ఆయనేమో "నీళ్లే కదా, తొలిస్తే చాలు" అంటారు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందుగా బాబు కడుపునొప్పి గురించి ఒక్క మాట. జ్వరం, విరేచనాలు, వాంతులు, బరువు తగ్గడం, మోషన్‌లో రక్తం, వీటిలో ఏదైనా ఉన్నా, నొప్పికి రాత్రిపూట నిద్రలోంచి లేస్తున్నా, బాటిల్ సంగతి తర్వాత, ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి. అవేవీ లేకుండా అప్పుడప్పుడూ వచ్చిపోయే నొప్పి అయితే దానికీ బాటిల్‌కీ ఒక సంబంధం ఉండే అవకాశం ఉంది, కానీ అది మీరు అనుకుంటున్నది కాకపోవచ్చు. దాని గురించి చివర్లో రాస్తాను.

ఇక బాటిల్. మీరు రోజూ కడుగుతున్నారు, సబ్బు వాడుతున్నారు, వేడినీళ్లు పోస్తున్నారు. పనికి వెళ్లినా, ఇంట్లో ఉన్నా ఒక అమ్మ ఇంతకంటే ఏం చేస్తుంది చెప్పండి. కాబట్టి నా నిర్లక్ష్యం వల్లే ఇదంతా అన్న బాధ పెట్టుకోకండి. మీరు కడుగుతున్నది బాటిల్‌ని, వాసన ఉన్నది మూతలో. ఇంకో సంగతి, మీ ఉత్తరంలో కడగడం గురించి ఉంది గానీ ఆరబెట్టడం గురించి ఒక్క మాట లేదు. బహుశా కడిగిన వెంటనే మూత బిగించి షెల్ఫ్‌లో పెట్టేస్తున్నారేమో. చాలా ఇళ్లలో అదే చేస్తాం, పొద్దున స్కూల్ ఆటో వచ్చే వేళకి మూత ఎక్కడుందో వెతుక్కోలేక.

ఒక పని చేయండి. మూతని వెలుతురులోకి తీసుకెళ్లి వెల్లకిలా పట్టుకుని చూడండి. లోపల అంచు చుట్టూ తెల్లగానో, రంగు లేకుండానో ఒక మెత్తటి రబ్బరు రింగు ఉంటుంది, కుక్కర్ మూతకి గ్యాస్కెట్ ఉన్నట్టే. బ్యాగులో నీళ్లు కారకుండా ఆపేది అదే. చెంచా కాడతో ఒకచోట మెల్లగా లేపితే ఊడి వస్తుంది. పిన్నీసు, కత్తి లాంటివి వద్దు, చిన్న గీటు పడినా తర్వాత కారుతుంది. మా ఇంట్లో మొదటిసారి అలా తీసినప్పుడు నేను చూసింది ఇప్పటికీ కళ్లముందే ఉంది. రింగు పైవైపు శుభ్రంగా మెరుస్తోంది, తిప్పితే అడుగున చుట్టూతా కాటుక పెట్టినట్టు నల్లటి గీత. రింగు కూర్చునే గాడిలో వేలితో రాస్తే జారిపోతోంది, గోటితో గీస్తే బూడిదరంగు జిగురు గోటి కింద చేరింది. ఆ బాటిల్‌ని అప్పటికి ఏడాదిగా రోజూ సబ్బుతో కడుగుతున్నాను. రింగు ఊడుతుందని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ జిగురుని బయోఫిల్మ్ అంటారు. మనకి దానికి ఎప్పట్నుంచో ఒక మాట ఉంది, పాచి. పొద్దున లేవగానే పళ్ల మీద ఉండేదీ, నీళ్ల తొట్టి గోడలకి పట్టేదీ, బాటిల్ లోపల పట్టేదీ ఒకే రకం సంగతి. తడి ఉన్న చోట సూక్ష్మజీవులు గోడని పట్టుకుని, తమ చుట్టూ జిగురు పొర అల్లుకుని దాని కింద పెరుగుతాయి. ఒకసారి ఆ పొర అల్లుకున్నాక మీదుగా నీళ్లు పారినా కదలవు. పాచి పళ్లని నీళ్లు పుక్కిలించి ఊరుకోం కదా, బ్రష్ పెట్టి తోముతాం. మీ ఆయనకి కూడా ఈ ఒక్క మాట చెప్పండి, తొలిస్తే చాలు అన్నదానికి జవాబు అదే. తోమాలి. రాపిడి లేకుండా పాచి పోదు, ఎంత మంచి లిక్విడ్ పోసినా, ఎంత వేడినీళ్లు పోసినా.

"నీళ్లే కదా" అన్నది కూడా పూర్తి నిజం కాదు. బాటిల్లోకి మనం పోసేవి నీళ్లే. కానీ మధ్యాహ్నం పప్పన్నం తిని మూతి తుడుచుకోకుండా స్ట్రా నోట్లో పెట్టుకుంటాడు, పీల్చి వదిలేస్తాడు, స్ట్రాలో పైదాకా వచ్చిన నీళ్లు నోటి తడితో, మెతుకు తునకలతో సహా మళ్లీ బాటిల్లోకి దిగుతాయి. మన పెద్దవాళ్లు చెంబు పెదవికి తగలకుండా పైకెత్తి పోసుకుని తాగేవాళ్లు, ఎంగిలి అంటకూడదని. ఆ ఒక్క పద్ధతి వల్ల చెంబులోకి నోటి తడి చేరేదే కాదు. స్ట్రా బాటిల్‌తో అది కుదరదు. కాబట్టి సాయంత్రం ఇంటికి వచ్చే బాటిల్‌ని నీళ్ల బాటిల్‌లా కాకుండా ఎంగిలి గిన్నెలా చూడండి. ఎంగిలి గిన్నెని తొలిచి మళ్లీ వాడం కదా.

ఇక్కడే ఇంకో విషయం, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మీ ఇంట్లో ఆర్‌ఓ నీళ్లో, ప్లాంట్ నుంచి వచ్చే 20 లీటర్ల క్యాన్ నీళ్లో వాడుతుంటే, అవి శుభ్రమైనవే గానీ వాటిలో క్లోరిన్ దాదాపు ఉండదు, ఫిల్టర్‌లోని కార్బన్ దాన్ని పీల్చేస్తుంది. మున్సిపాలిటీ కుళాయి నీళ్లలో, మిషన్ భగీరథ నీళ్లలో ఒక్కోసారి మందు వాసన వస్తుందని విసుక్కుంటాం. ఆ వాసన క్లోరిన్‌ది. క్లోరిన్ కలిపిన నీళ్లలో మన కుళాయి దాకా వచ్చేసరికి కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది, దారిలో ఏదైనా క్రిమి చేరితే చంపడానికే. ఆర్‌ఓ నీళ్లకి ఆ కాపలా లేదు. బాటిల్లో చేరిన క్రిములకి ఆ నీళ్లలో అడ్డు లేదన్నమాట. ఆర్‌ఓ మానేయమని చెప్పడం లేదు. "మేం ఆర్‌ఓ నీళ్లే పోస్తాం కదా, బాటిల్ ఎందుకు పాడవుతుంది" అనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను. ఆర్‌ఓ నీళ్లు పోసే బాటిల్‌ని ఇంకాస్త శ్రద్ధగా తోముకోవాలి.

సరే, ఎలా తోమాలో చూద్దాం. బాబు స్కూల్ నుంచి రాగానే బ్యాగులోంచి బాటిల్ బయటికి రావాలి, రాత్రి పది దాకా బ్యాగులోనే ఉండిపోకూడదు. మన ఎండలకి మూసిన బ్యాగులో, గోరువెచ్చటి ఎంగిలి నీళ్లలో కొన్నిరకాల బ్యాక్టీరియా అరగంటకోసారి రెట్టింపవుతాయి. మిగిలిన నీళ్లు కరివేపాకు మొక్కకో, పూల కుండీకో పోసేయండి (ఎంగిలి కదా, తులసికి వద్దు). ఈ పని బాబుకే అప్పగించండి, ఐదో తరగతి పిల్లాడు చేయగలిగిన పనే.

తర్వాత మూతలో ఊడే ప్రతి భాగాన్నీ ఊడదీయండి. రింగు, స్ట్రా, నోట్లో పెట్టుకునే మెత్తటి ముక్క, అన్నీ. ఒక చిన్న గిన్నెలో గోరువెచ్చటి నీళ్లలో నాలుగు చుక్కల లిక్విడ్ వేసి వాటిని పడేసి, ఈలోపు బాటిల్ తోమండి. దానికి పొడవు కాడ ఉన్న బ్రష్ కావాలి, పాలసీసాలు కడిగేది దొరుకుతుంది కదా, అదే చాలు. అడుగున గోడ, అడుగు కలిసే మూల ఉంటుంది, బ్రష్ అక్కడ నాలుగుసార్లు గుండ్రంగా తిరగాలి. పైన మూత బిగించే మర వరసల్లో ఒక పాత టూత్‌బ్రష్‌తో (దీనికంటూ వేరుగా పెట్టుకోండి) చుట్టూ రుద్దాలి. మా అమ్మమ్మ దగ్గర ఒక ఇత్తడి మరచెంబు ఉండేది, రైలు ప్రయాణాలకి. ఊరు నుంచి వచ్చిన రోజు దాన్ని చింతపండుతో తోమేటప్పుడు గుడ్డ పీలికని మెలిపెట్టి మర గాడిలో వేసి, రెండు చివరలూ పట్టుకుని కవ్వం తాడులా అటూ ఇటూ లాగేది. "మురికి ఉండేది మరలోనే" అనేది. ప్లాస్టిక్ బాటిల్ మరలో కూడా అంతే, బ్రష్ లేకపోతే ఆ పీలిక పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది.

స్ట్రా లోపలికి వెళ్లే సన్నటి బ్రష్‌లు విడిగా అమ్ముతారు, చాలా తక్కువ ధర, తప్పకుండా ఒకటి కొనండి. స్ట్రాని వెలుతురుకి ఎత్తి ఒక కన్నుతో చూస్తే లోపల గోడకి మసక పొర కనిపిస్తుంది, సన్నటి బ్రష్‌ని రెండుసార్లు లాగగానే అద్దంలా అవుతుంది. ఆ తేడా ఒక్కసారి చూస్తే ఇక మానరు. మీ బాటిల్లో స్ట్రా ఊడి రాకపోతే, మూతలో బ్రష్ చేరని గొట్టం ఏదైనా ఉంటే మాత్రం నా సలహా సూటిగా ఒకటే, ఆ మోడల్ వదిలేయండి. కడగలేని దాన్ని ఎంత జాగ్రత్తపరురాలైనా శుభ్రంగా ఉంచలేదు. కొత్తది కొనేటప్పుడు కార్టూన్ బొమ్మ బాబు చూసుకుంటాడు, మీరు మాత్రం షాపులోనే మూత విప్పి చూడండి. మీ చెయ్యి కాకపోయినా బాబు చెయ్యి లోపలికి పట్టేంత వెడల్పు మూతి, ఊడే రింగు, ఎంత తక్కువ భాగాలుంటే అంత మంచి మూత. విడి రింగులు, స్ట్రాలు దొరికే బాటిల్ అయితే ఇంకా మంచిది.

మూత లోపల నల్లచుక్కలు ఉన్నాయన్నారు, అది బూజు. పాలపీకలు మరగబెట్టినట్టు ఆ రింగుని, మెత్తటి సిలికాన్ భాగాలని చిన్న గిన్నెలో ఐదు నిమిషాలు మరగబెట్టి, టూత్‌బ్రష్‌తో తోమండి. సిలికాన్ ఆ వేడికి ఏమీ కాదు. చుక్కలు పోతే సరే. బూజు లోపలికి దిగి మచ్చలా ఉండిపోతే మాత్రం రింగు మార్చాల్సిందే, రుద్దుతూ కూర్చోవద్దు.

బాటిల్‌ని మాత్రం మరగబెట్టకండి, మరిగే నీళ్లు నేరుగా పోయకండి కూడా. బాటిల్ అడుగున చిన్న త్రికోణంలో ఒక అంకె ఉంటుంది, చూడండి. 1 అని ఉంటే అది పెట్, బజార్లో కొనే నీళ్ల సీసాల ప్లాస్టిక్. 70 డిగ్రీల దగ్గరే మెత్తబడి మెలికలు తిరుగుతుంది. 5 అని ఉంటే పాలీప్రొపిలీన్, అది మరిగే నీళ్ల వేడిని కూడా తట్టుకుంటుంది, పిల్లల బాటిళ్లు, టిఫిన్ డబ్బాలు ఎక్కువగా దీంతోనే చేస్తారు. 7 అంటే "మిగతావన్నీ" అని అర్థం, అందులో బీపీఏ (ఆరోగ్యానికి మంచిది కాదనే ఒక రసాయనం) ఉండే పాలీకార్బొనేట్ ఉండొచ్చు, లేనివీ ఉండొచ్చు, కాబట్టి 7 ఉంటే బీపీఏ ఫ్రీ అని రాసి ఉందో లేదో చూసుకోండి. చెయ్యి పట్టగలిగేంత వేడినీళ్లు దేనికైనా చాలు. ఆ వేడి క్రిముల్ని చంపదు, జిడ్డుని వదులు చేస్తుంది, అంతే. పని చేసేది మీ చేతిలోని బ్రష్. ఇంకొక జాగ్రత్త, వేడినీళ్లూ సబ్బూ వేసి మూత బిగించి గిలకొట్టే అలవాటు ఉంటే మానేయండి, లోపల ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి వేడి నురగ మొహం మీద పడుతుంది.

స్టీల్ పీచు, పచ్చటి గరుకు స్క్రబ్బర్, ఇసుక, కళ్లుప్పు, పళ్లపొడి, ఇవేవీ ప్లాస్టిక్ లోపల వాడకండి. పడిన ప్రతి గీతా పాచికి ఒక ఇల్లు. మూతి మరీ ఇరుకుగా ఉండి బ్రష్ పట్టని సీసా అయితే గుప్పెడు బియ్యం, కొంచెం నీళ్లు, ఒక చుక్క లిక్విడ్ వేసి ఒక నిమిషం గట్టిగా ఊపండి, బియ్యం మూలమూలకీ తగిలి రుద్దుతాయి, గీతలు పడవు.

వాసన సంగతి వేరు. ప్లాస్టిక్‌కి, సిలికాన్‌కి వాసనలు పట్టుకునే గుణం ఉంది, తోమాక కూడా కొన్నాళ్లు వదలదు. గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి బాటిల్ నిండా పోసి, మూత భాగాలు కూడా అదే నీళ్లలో వేసి రాత్రంతా వదిలేయండి, పొద్దున తోమి కడగండి. వారానికోసారి, ఆదివారం పెట్టుకుంటే గుర్తుంటుంది. లోపల గరుకుగా తెల్లటి పొర ఉంటే అది చాలావరకు పాచి కాదు, బోరు నీళ్లలోని సున్నం. దానికి సోడా పనిచేయదు, పులుపు కావాలి. వెనిగర్, నీళ్లు సగం సగం, లేకపోతే ఒక నిమ్మకాయ రసం పిండిన నీళ్లు, అరగంట ఉంచితే కరిగిపోతుంది. సోడా, వెనిగర్ రెండూ కలిపి పోస్తే బుస్సుమని నురగ వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది గానీ ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది ఉప్పునీళ్ల లాంటిదే. పైగా మూత బిగిస్తే గ్యాస్ ఒత్తిడికి పగలొచ్చు. విడివిడిగా వాడండి.

బ్లీచ్ సంగతి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే టెన్షన్ పడిన అమ్మలు చివరికి చేరేది అక్కడికే. మామూలు రోజుల్లో అవసరం లేదు. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు అయి తగ్గినప్పుడో, బూజు ఎంతకీ పోనప్పుడో వాసన కలపని లిక్విడ్ బ్లీచ్ లీటరు నీళ్లకి ఒక టీస్పూను చొప్పున, తోమిన బాటిల్లో పోసి రెండు నిమిషాలు ఉంచి, బాగా కడిగి ఆరబెట్టండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ, బాత్రూమ్ కడిగే యాసిడ్ గానీ పొరపాటున కూడా కలవకూడదు. విషపు క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపులు మూసిన చిన్న వంటగదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. కొందరు డెట్టాల్ చుక్కలు వేసి కడుగుతారు. అది గాయాలకి, నేలకి. నోట్లో పెట్టుకునే వస్తువుకి వద్దు.

ఇక అసలు పని, ఆరబెట్టడం. ఇంతదాకా చెప్పినదంతా చేసి, తడి బాటిల్‌కి మూత బిగించారంటే మర్నాడు పొద్దునకి మళ్లీ అదే వాసన. తడి లేకపోతే పాచి లేదు. బోర్లించి పెడతాం కదా అంటారేమో, ఎలా బోర్లిస్తున్నారన్నది చూడండి. నున్నటి గ్రానైట్ బండ మీద బాటిల్‌ని సూటిగా బోర్లిస్తే మూతి బండకి అతుక్కుపోతుంది, గాలి లోపలికి పోదు, పొద్దున చూస్తే లోపల గోడలకి ఆవిరి చుక్కలు అలాగే ఉంటాయి. గిన్నెల స్టాండ్‌లో ఊచల మీద పెట్టండి, లేదా మూతి కింద ఒకవైపు చెంచా పెట్టి ఏటవాలుగా ఉంచండి, గాలి ఆడాలి. మూత, రింగు, స్ట్రా విడివిడిగా ఒక శుభ్రమైన పొడిగుడ్డ మీద. ఆ గుడ్డ స్టవ్ తుడిచేది కాకూడదు. స్ట్రాని నిలబెట్టాలి, పడుకోబెడితే మధ్యలో నీటిచుక్క నిలిచిపోతుంది. బాల్కనీలో ఎండ పడితే ఒక గంట పెట్టండి, ఎండంత మంచి మందు లేదు. రోజంతా మాత్రం వద్దు, ప్లాస్టిక్ పచ్చబడి పెళుసెక్కుతుంది.

ఖమ్మం ఎండాకాలంలో ఇదంతా గంటలో ఆరిపోతుంది. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు రాత్రంతా ఉంచినా ఆరదు. అందుకే రెండు బాటిళ్లు ఉండాలంటాను. ఈరోజు నీలంది వెళ్తే రేపు ఎర్రది, నీలంది ఒక పూర్తి రోజు నోరు తెరుచుకుని ఆరుతుంది. నా మాట మీద ఒక్క మార్పే చేస్తానంటే ఇది చేయండి. ఖరీదైన బాటిల్ ఒకటి కొనే డబ్బుతో మామూలువి రెండు వస్తాయి.

ఆ బాటిల్లో నీళ్లు తప్ప ఏమీ పోయకండి. మజ్జిగ, పాలు, రస్నా, గ్లూకోజ్ నీళ్లు, ఇవి ఒకసారి పోసినా తీపీ, పాల జిడ్డూ రింగు కిందికి చేరతాయి. ఓఆర్‌ఎస్ కలిపినా అంతే, అది కలిపిన 24 గంటల తర్వాత ఎలాగూ పారబోయాలి. మజ్జిగ ఇవ్వాలనిపిస్తే చిన్న స్టీల్ డబ్బాలో ఇవ్వండి.

అత్తమ్మ గారి మాటలో సగం న్యాయం ఉంది. లోహానికి వాసన పట్టదు, గీతలు త్వరగా పడవు, స్టీల్ అయితే మరిగే నీళ్లు కూడా పోయొచ్చు. కాబట్టి స్టీల్ బాటిల్ కొంటే నేను కాదనను, బరువు బాబు మోయగలిగితే చాలు. కానీ స్టీల్ బాటిల్‌కి కూడా మూత ప్లాస్టిక్కే, రింగు అదే, మీరు చూసిన నల్లచుక్కలు వచ్చింది ఆ మూతలోనే. రింగు తీసి కడగకపోతే బాటిల్ మారుతుంది, వాసన మారదు. రాగి మాత్రం స్కూలు పిల్లలకి నేను ఇవ్వను. అందులో నిమ్మకాయ నీళ్లో, మజ్జిగో పోస్తే పులుపుకి రాగి కరిగి నీళ్లలోకి దిగుతుంది, కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. స్కూల్లో స్నేహితుడు ఏం పోస్తాడో మనకి తెలియదు. అత్తమ్మ గారికి ఈ మాట చెప్పి, ఇంట్లో మంచం పక్కన నీళ్లకి రాగి చెంబు పెట్టుకుందాం అనండి, ఆమె మాట కాదన్నట్టూ ఉండదు.

ప్లాస్టిక్‌దే వాడేటట్టయితే ఎప్పుడు పారేయాలో కూడా తెలిసి ఉండాలి. లోపల గీతలు పడి మసకబారినా, పగులు కనిపించినా, సోడా నానబెట్టి ఎండలో పెట్టినా వాసన పోకపోయినా తీసేయండి. బజార్లో నీళ్లతో కొన్న పల్చటి సీసాల్ని నెలల తరబడి వాడటం అసలే వద్దు, వాటి మూతి ఇరుకు, వేడి తట్టుకోవు.

ఇప్పుడు కడుపునొప్పి. పాచి పట్టిన బాటిల్‌తో తాగే పిల్లల్లో చాలామందికి ఏమీ కాదు, కొందరికి కడుపు పాడవుతుంది, మీ బాబుది ఏదో ఉత్తరం చూసి చెప్పలేం. కానీ నేను అడిగేది ఒకటుంది. సాయంత్రం బాటిల్ ఇంటికి వచ్చేసరికి అందులో ఎన్ని నీళ్లు మిగులుతున్నాయి? వాసన వచ్చే నీళ్లు పిల్లలు తాగరు. బాగాలేదని చెప్పరు కూడా, రెండు గుక్కలు తాగి మూత పెట్టేస్తారు. కేరళలో 2019లో స్కూళ్లలో వాటర్ బెల్ మొదలుపెట్టింది పిల్లలు నీళ్లు తాగడం మర్చిపోతున్నారనే. బెల్ కొట్టినా బాటిల్ కంపు కొడితే ఎలా తాగుతాడు? నీళ్లు తక్కువైతే మోషన్ గట్టిపడుతుంది, బడిపిల్లల్లో వచ్చిపోయే కడుపునొప్పికి తరచూ కనిపించే కారణాల్లో అదొకటి. స్కూల్ బాత్రూమ్ శుభ్రంగా లేక వెళ్లకుండా బిగబట్టుకునే పిల్లలు కూడా నీళ్లు తాగడం తగ్గించేస్తారు, ఆ మాట కూడా మెల్లగా అడిగి చూడండి. మధ్యలో బాటిల్ నింపుకుంటున్నాడా, నింపుకుంటే స్కూల్లో ఏ కుళాయి దగ్గర, ఆ ట్యాంకు ఎప్పుడు కడిగారు, అది కూడా తెలుసుకోవాలి.

రింగు మార్చి, రెండు బాటిళ్లు తిప్పడం మొదలుపెట్టాక ఒక రెండు వారాలు సాయంత్రం మిగిలిన నీళ్లు చూస్తూ ఉండండి. మిగిలే నీళ్లు తగ్గుతూ, నొప్పి కూడా తగ్గితే సరే. బాటిల్ ఖాళీ చేసుకుని వస్తున్నా నొప్పి అలాగే ఉంటే ఆ రెండు వారాల తర్వాత ఇంక ఆగకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.